కాకినాడ మీద బాంబులేసిన విమానం మోడల్ బడిలో పెట్టొచ్చా?

కోరంగి కుర్రాడు:
మా మేనల్లుడు కాకినాడలో తొమ్మిది చదువుతున్నాడు. బడి ఎగ్జిబిషన్ కోసం జపాన్ బాంబర్ నకజిమా బి5ఎన్ మోడల్ మొదలుపెట్టాడు, 1/72 స్కేలు, అంటే అసలులో 72వ వంతు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి కాకినాడ, విశాఖల మీద బాంబులేసింది ఈ రకమే. సోషల్ మాస్టారు వద్దన్నారు. మన ఊరి మీద బాంబులేసినవాడి బొమ్మ మన బల్ల మీదెందుకు, బ్రిటిష్ వాళ్ళ యుద్ధవిమానం హరికేన్ చెయ్యి అన్నారట. మీరేమంటారు?

లంకలో తాత:
మాస్టారు చెప్పిందే సబబు బాబూ. మోడల్ అంటే రోజుల తరబడి సానబట్టి, రంగులేసి, ముద్దుగా చేసుకునే వస్తువు. తీరా బల్ల మీద పెట్టాక వచ్చినవాళ్ళంతా ‘ఎంత బాగా చేశాడో’ అంటారు. ఆ బాంబులకు హడలిపోయి, పిల్లాపాపలతో పల్లెలకు పోయినవాళ్ళ ఊసు ఎవరెత్తుతారు?

రెండు రెక్కలు:
తాతగారూ, మీ బాధ అర్థమైందండి. హరికేన్‌కి మాత్రం నేను ఒప్పుకోను. ఏప్రిల్ 5న కొలంబో మీద జపాన్ వాళ్ళతో తలపడ్డాయి హరికేన్లు. మర్నాడు మన తీరాన్ని కాయడానికి అవి లేవు. విశాఖలో తీర రక్షణ దళం నడిపినవి వాపిటీలు, 1927లో మొదట ఎగిరిన రెండంతస్తుల రెక్కల విమానాలు. హరికేన్ పెడితే ఆ రోజు మనకు దిక్కుందని పిల్లలు అనుకుంటారు. అది అబద్ధం.

బాంబరే పెట్టాలి, సరిగ్గా చేసి పెట్టాలి. ఈ విమానం కిట్లలో వచ్చే డెకాల్స్, అంటే అతికించే గుర్తుల స్టిక్కర్లు, ఎక్కువగా అమెరికా వాళ్ళ పెర్ల్ హార్బర్ మీద దాడికెళ్ళిన విమానాలవి. ర్యూజో అక్కడికి వెళ్ళనే లేదు, అప్పుడది ఫిలిప్పీన్స్‌లో దావావో మీద దాడికి పోయింది. తోక ముందు ఒంటి ఎర్ర పట్టీ అతికిస్తే విమానం పెర్ల్ హార్బర్‌కి వెళ్ళిన అకాగి నౌకదైపోతుంది. కడుపు కింద టార్పెడో కూడా వద్దు, మన మీద పడ్డవి బాంబులు. లోపల ముగ్గుర్నీ కూర్చోబెట్టమనండి. ముందు పైలట్, వెనక తుపాకీ, రేడియో చూసేవాడు. మధ్యలోవాడు బాంబుకి గురి చూస్తాడు. సీట్లు ఖాళీగా ఉంటే ఆ పని యంత్రం చేసినట్టుంటుంది, చేసింది మనుషులు.

అన్నట్టు, ముసురు పట్టిన రోజున స్ప్రే కొట్టనివ్వకండి. మన గాలిలో తేమకి లాకర్ అనే త్వరగా ఆరే రంగు తెల్లగా పాలిపోతుంది. డెకాల్ అతికించేముందు నిగనిగలాడే గ్లాసీ పూత తప్పనిసరి. గరుకు రంగు మీద నేరుగా వేస్తే కింద గాలి చిక్కుకుని, చుట్టూ వెండి మరకలా కనిపిస్తుంది.

ఏటిగట్టు:
ఏది పెట్టినా మాస్టారి మాట తోసేసి పెట్టడం బాగోదండి. పిల్లాడే వెళ్ళి ఎందుకు పెట్టాలనుకుంటున్నాడో చెప్పాలి. మేనమామ వెళితే గొడవవుతుంది.

లంకలో తాత:
వాపిటీ కూడా చేసి పక్కన పెడతానంటే కొంత ఆలోచిస్తాను. అప్పుడు ఎవరు ఎవరి మీదికొచ్చారో తెలుస్తుంది.

రెండు రెక్కలు:
మంచి మాటన్నారు. వాపిటీ కిట్ దొరకడం కష్టం, ప్లాస్టిక్ షీటు కోసి చేసుకోవాలి. రెక్కల మధ్య బిగింపు తీగలకి వలలు అల్లే సన్న నైలాన్ పోగు సరిపోతుంది, మీ కోరంగిలో అడిగితే ఇస్తారు. 1/72లో వాపిటీ రెక్కల పొడవు 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, బి5ఎన్‌ది 21.5. సైజులో పెద్ద తేడా లేదు. వేగం చూడండి: వాపిటీ గంటకు 220 కిలోమీటర్లు దాటదు, బి5ఎన్ 350 దాటుతుంది. ఈ రెండంకెలూ కింద అట్ట మీద రాయించండి.

కోరంగి కుర్రాడు:
వాడికి చదివి వినిపించాను. వాపిటీ అనగానే లేచి కూర్చున్నాడు. సోమవారం మాస్టారి దగ్గరికి వాడే వెళతానన్నాడు.

లంకలో తాత:
వెళ్ళమను. విమానం మీది ఆ జపాన్ ఎర్ర సూర్యుడి గుర్తుని జనం వైపు తిప్పి పెట్టడానికి మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను.