ఎండ వేళ బ్రాయిలర్లకు మేత ఆపాలా, వద్దా?

దాణాలెక్క:
నాలుగు వారాలు దాటిన బ్యాచ్‌కు ఎండ ముదిరే వేళ ఫీడర్లు (మేత తొట్లు) కోళ్లకు అందకుండా పైకెత్తాలని కొందరు, ఒక్క గంట కూడా ఖాళీగా ఉంచకూడదని ఇంకొందరు అంటున్నారు. ఎత్తితే బరువు తగ్గుతుందని ఒక భయం, ఎత్తకపోతే మోర్టాలిటీ (కోళ్లు చావడం) భయం. ఏది సరైందో కారణాలతో చెప్పండి.

కందనకాయ:
ఎత్తాల్సిందే. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న 4 నుంచి 6 గంటలకు ఆ వేడి బాగా పెరుగుతుంది. ఉదయం 10కి మేసిన కోడికి మధ్యాహ్నం 2 దాటాక లోపలి వేడి, బయటి వేడి ఒకేసారి మీద పడతాయి. దానికి చెమట గ్రంథులు లేవు, రొప్పి చల్లబడాల్సిందే. కాబట్టి ఎండ ముదరడానికి 5, 6 గంటల ముందే ఎత్తేయాలి. కోళ్లు రొప్పడం మొదలయ్యాక ఎత్తితే లాభం లేదు. పైగా మనం షెడ్డులో తిరగడంతో పడుకున్న కోళ్లను లేపినట్టవుతుంది, ఆ కదలికకే కొన్ని పోతాయి.

తూకంకాటా:
కందనకాయ గారూ, వేడి సంగతి ఒప్పుకుంటాను. తిరిగి దించే పూట ఏం జరుగుతుందో కూడా చెప్పాలి కదండీ, అసలు నష్టం అక్కడే. 38 సెంటీమీటర్ల ఫీడరుకు 70 కోళ్లు అనే లెక్క వంతులవారీగా తినే కోళ్లకు. ఏడెనిమిది గంటలు ఆకలితో ఉన్నవి ఒక్కసారిగా ఎగబడితే ఆ చోటు చాలదు. బలమైనవి ముందు నిండుతాయి, చిన్నవి వెనకబడతాయి, ఒకదాని మీదొకటి ఎక్కడంతో వీపులు గీరుకుపోతాయి. మేత లేనంతసేపు లిట్టర్‌లో (నేల మీద పరిచిన పొట్టు పరుపులో) పొట్టు, రెట్ట ఏరుకుతింటాయి. ఆ తర్వాత గబగబా మింగిన మేత సరిగా అరగక రెట్ట పలచనై లిట్టర్ తడుస్తుంది, అమ్మోనియా లేస్తుంది. బ్యాచ్‌లో బరువుల తేడా పెరిగి ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి పట్టే మేత లెక్క) చెడేది ఇలాగే.

గాలిమర:
ఫ్యాన్లు, కూలింగ్ ప్యాడ్లు సరిగా పనిచేసే మూసిన షెడ్డులో ఈ వాదనే అక్కర్లేదు, మేత ఉంచండి. మాట్లాడాల్సింది తెరిచిన షెడ్ల గురించే.

కందనకాయ:
తూకంకాటా గారు చెప్పినవన్నీ దించే పద్ధతి తప్పినప్పుడు వచ్చేవి. ఎత్తే రోజుల్లో అదనపు ఫీడర్లు పెట్టాలి. సాయంత్రం షెడ్డు చల్లబడ్డాకే, ముందుగా నింపి, వించ్‌తో (తాడు చుట్టే చక్రంతో) అన్నీ ఒకేసారి దించాలి. ఒక్కొక్కటిగా దించితే మొదటిదాని మీదకే గుంపు పరిగెడుతుంది. రాత్రి చీకటి మధ్యలో ఒక గంట, తెల్లవారకముందే మళ్లీ లైటు వేస్తే పగలు తప్పిన మేత చాలావరకు తినేస్తాయి. నీళ్లు మాత్రం క్షణం కూడా ఆగకూడదు. పైపుల్లో నీరు వేడెక్కితే కోళ్లు తాగవు, మధ్యాహ్నం లైన్లు ఫ్లష్ చేయాలి, అంటే వేడి నీరు వదిలేసి చల్లని నీరు నింపాలి.

ఇంకొకటి. 35వ రోజున చచ్చే కోడి అప్పటికే దాదాపు 3 కిలోల మేత తిని ఉంటుంది. ఆ మేతంతా మిగిలిన కోళ్ల ఖాతాలోనే పడుతుంది. వారం చివర్లో కొన్ని గ్రాముల బరువు కోసం చూసి ఇది మర్చిపోతే ఎలా?

తూకంకాటా:
ఆ చివరి మాట కాదనలేను. అయినా మేత ఎత్తడానికి ముందు ఫార్ములా చూడండి. ప్రొటీన్ అరిగేటప్పుడు పుట్టేంత వేడి నూనె నుంచి పుట్టదు. ఎండాకాలం ఫినిషర్‌లో (చివరి దశ మేతలో) అదనపు ప్రొటీన్ తగ్గించి, లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు సరిచూసుకుని, శక్తిలో కొంత భాగం నూనెతో ఇస్తే సగం బాధ తగ్గుతుంది. మొదటి వారం పిల్లలకైతే ఎత్తడం అనే మాటే వద్దు. 7వ రోజుకు పిల్ల బరువు, షెడ్డులోకి వచ్చిన రోజు బరువుకు నాలుగు రెట్లు దాటాలి, అక్కడ పోయిన బరువు తర్వాత రావడం కష్టం.

దాణాలెక్క:
తెరిచిన షెడ్డు, 4 వారాలు దాటినవి, విపరీతమైన ఎండ ఉన్న రోజులు. ఈ మూడూ కలిసినప్పుడే ఎత్తాలన్నమాట. మరి ఆ రాత్రే లోడింగ్ (కోళ్లను కోతకు లారీ ఎక్కించడం) ఉంటే?

కందనకాయ:
అప్పుడు జాగ్రత్త. కోతకు ముందు 8 నుంచి 12 గంటలు మేత ఆపడం ఎలాగూ ఉంటుంది. పగలు ఎత్తినదానికి ఇది కూడా కలిస్తే పేగుల గోడ పలచబడి, కోసేటప్పుడు చినిగి మాంసం పాడవుతుంది. కాబట్టి సాయంత్రం దించి కడుపునిండా మేయనిచ్చాకే గంటల లెక్క మొదలుపెట్టాలి. లారీ త్వరగా వస్తుందంటే వేళ మార్చమనండి.