మాట నిలబెట్టుకున్న పాలడిన్‌కి శిక్ష వేశాను, తప్పు చేశానా?

నాగావళి_గట్టు:
రాయగడలో మేం ఐదుగురం ఏడాదిగా డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, తలా ఒక పాత్ర వేసి పాచికలతో కథ నడిపే ఆట. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్సు, కథ నడిపే డీఎం (డన్జన్ మాస్టర్) నేనే. ఆదివారం భోజనాలయ్యాక మా మేడమీద గదిలో కూర్చుంటాం, ఇద్దరు ఒడియా వాళ్లు కాబట్టి ఆట సగం తెలుగు సగం ఒడియా. పాలడిన్, అంటే ప్రమాణం చేసిన పవిత్ర యోధుడి పాత్ర, ఆడేది మా మేనబావ. అలైన్‌మెంట్ (పాత్ర నైతిక స్వభావం) లాఫుల్ గుడ్, అంటే నియమానికి కట్టుబడే మంచివాడు, చేసిన ప్రమాణం ఓత్ ఆఫ్ డివోషన్, ఆ క్యారెక్టర్ అంటే ప్రాణం.

జరిగింది ఇది. అడవి అంచున ఒక ఊరు, దానికి కాపలా కాసే దళవాయి ఒకడు. గాబ్లిన్ (ఆటలో ఒక పొట్టి రాక్షస జాతి) ఎవరు పట్టుబడినా ఉరి అని అతని ఆజ్ఞ, మా వాళ్లందరూ అతని దగ్గర జీతానికి చేరి, ఆజ్ఞ పాటిస్తామని ఒప్పుకున్నవాళ్లే. ఒకరోజు గాబ్లిన్ల తరఫున దారి చూసే చిన్న గాబ్లిన్ కుర్రాడు దొరికాడు. బావ వాడితో, మీ గుహకి దారి చెప్పు, నిన్ను ప్రాణాలతో వదిలేస్తా, ఇది నా మాట అన్నాడు. వాడు చెప్పాడు, చెప్పింది నిజమే. దళవాయి మాత్రం తెల్లారి ఉరి అన్నాడు. రాత్రి బావ కట్లు కోసి వాడిని పంపేశాడు. తర్వాతి సెషన్లో ఆ కుర్రాడు ఊరి కంచెలో సందు ఎక్కడుందో తన వాళ్లకి చెప్పినట్టు నేను కథ నడిపాను, దాడిలో ఇద్దరు చనిపోయారు, అందులో ఒకరు మొదటి రోజు మా వాళ్లకి రాగి అంబలి పోసిన ముసలమ్మ.

చట్టం మీరాడు, దానివల్ల ప్రాణాలు పోయాయి కాబట్టి క్యారెక్టర్ వివరాలుండే షీట్ మీద లాఫుల్ గుడ్ కొట్టేసి న్యూట్రల్ గుడ్ (మంచివాడే, కానీ నియమానికి కట్టుబడనివాడు) రాశాను, ప్రాయశ్చిత్తం అయ్యేదాకా స్మైట్ (పాలడిన్ దైవశక్తితో కొట్టే దెబ్బ) వాడకూడదన్నాను. బావ ఏమీ అనలేదు, షీట్ బోర్లా పెట్టి లేచి వెళ్లిపోయాడు. రెండు ఆదివారాలు రాలేదు. ఇంటికి వస్తాడు, అమ్మతో మాట్లాడతాడు, ఆట ఊసు ఎత్తడు. నేను చేసింది తప్పా?

వంశధార_ఒడ్డు:
గుణుపురం నుంచి. తమ్ముడూ, ముందు రూల్సు సంగతి చూద్దాం. నువ్వు వేసిన శిక్ష నీ ఎడిషన్‌ది కాదు, 1978 నాటి అడ్వాన్స్‌డ్ డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌ది. అందులో పాలడిన్ తెలిసి కేయాటిక్ (నియమానికి ఎదురెళ్లే) పని చేస్తే పై స్థాయి లాఫుల్ గుడ్ క్లెరిక్ (పూజారి) దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, తెలిసి చెడ్డపని చేస్తే ఇక శాశ్వతంగా పాలడిన్ కాడు. ఐదో ఎడిషన్లో అలైన్‌మెంట్ మారినంత మాత్రాన ఏ శక్తీ పోదు. అక్కడ లెక్క ప్రమాణంతో. కావాలని ప్రమాణం తప్పి, పశ్చాత్తాపం కూడా లేకపోతే అప్పుడు డీఎం ఆలోచించాలి.

ఆ ప్రమాణంలో ఏముందో ఒకసారి మళ్లీ చదువు. అబద్ధమాడకు, నీ మాటే నీ వాగ్దానం అని మొదటిది. శత్రువు మీద దయ చూపు, కానీ వివేకంతో చూపు అని ఉంది. నీ పనులకీ వాటివల్ల జరిగినదానికీ బాధ్యత నీదే, నీ అండలో ఉన్నవాళ్లని కాపాడు, న్యాయమైన అధికారం ఉన్నవాళ్ల మాట విను అని ఉంది. ఇవన్నీ ఒకేసారి ఒకదానికొకటి అడ్డం పడేలాంటి చోటికి మీ బావని తీసుకెళ్లావు, డీఎంగా అది మంచి పనే, నేను మెచ్చుకుంటాను. కానీ ఏది ఎంచుకున్నా తప్పే అయ్యేటప్పుడు ఎంచుకున్నందుకు శిక్ష ఎలా వేస్తావు?

నాగావళి_గట్టు:
అన్నా, ప్రమాణం సంగతి ఒప్పుకుంటాను. కానీ లాఫుల్ అన్న మాటకి అర్థం ఉండాలి కదా. ఏ అధికారం న్యాయమైనదో ఎవరికి వాళ్లు తేల్చుకునేట్టయితే లాఫుల్‌కీ కేయాటిక్‌కీ తేడా ఏముంది?

పొట్టంగి_మలుపు:
ఈ ప్రశ్న మా వైపు వాళ్లని అడగాలి. కొటియా ఊళ్ల గురించి వినే ఉంటారు, ఇరవై ఒక్క ఊళ్లు, మావి అని ఒడిశా, మావి అని ఆంధ్ర, కేసు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నవాళ్లు అక్కడ ఉన్నారు. ఆ మనిషి ఎవరి చట్టానికి లోబడితే లాఫుల్? అయినా అక్కడ మాట మీద నిలబడే మనిషి ఎవరు, నిలబడని మనిషి ఎవరు అన్నది ఊరందరికీ తెలుసు. నా టేబుల్ దగ్గర లాఫుల్ అంటే అదే అర్థం. ఈ మనిషి రేపు ఎలా నడుచుకుంటాడో ఇవాళే చెప్పగలమా, లేదా? దళవాయి ఆజ్ఞ దాటినా మీ బావ పాలడిన్ అలాంటివాడే.

ఇంకొకటి. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే కౌశికుడి కథ గుర్తుందా? నిజమే చెప్తానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలు వచ్చి, ప్రాణభయంతో పారిపోయినవాళ్లు ఎటు వెళ్లారని అడిగితే నిజం చెప్పేశాడు, వాళ్లని పట్టుకుని చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. నీ పక్షాన కూడా ఒక మాట ఉందని ఇది చెప్తున్నాను. మాట నిలబెట్టుకోవడం ఒక్కటే చాలదు. అయితే కౌశికుడు నిజం చెబితే ఏమవుతుందో అక్కడే కళ్లకి కనిపిస్తోంది. మీ బావకి కనిపించిందా?

మహేంద్రతనయ:
పర్లాకిమిడి. అన్నయ్యా, అందరూ పాలడిన్ గురించే మాట్లాడుతున్నారు, ఆ కుర్రాడి గురించి ఒక్కరూ అడగలేదు. కంచె సందు వాడు చెప్పాడని ఎవరు నిర్ణయించారు? మీరు. పాచిక వేశారా? వేసినట్టు రాయలేదు. ప్రాణం కాపాడినవాడి ఊరికే ద్రోహం చేస్తాడని మీకు ఎందుకు అనిపించింది? 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో (ఆటలోని ప్రాణుల వివరాల పుస్తకం) గాబ్లిన్ పక్కన న్యూట్రల్ ఈవిల్, అంటే చెడ్డ స్వభావం, అని ఉంది కాబట్టి. అదే పుస్తకంలో, అక్కడ రాసింది మామూలుగా ఉండేది మాత్రమే, మీ కథకి తగ్గట్టు మార్చుకోండి అని కూడా ఉంది.

నాకు ఇది ఆటలో చిన్న విషయంగా అనిపించదు. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి కొన్ని కులాల్లో పుట్టిన బిడ్డని పుట్టుకతోనే నేరస్తుడిగా లెక్కగట్టారు, తర్వాత ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది, అంటే అప్పట్లో మా పర్లాకిమిడి ఉన్న ప్రెసిడెన్సీ. 1952లో గానీ దేశమంతటా అది పోలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసెలకి పోలీసులు వెళ్లేవాళ్లో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. పట్టుబడ్డవాడు ఏం చేశాడో అడగకుండా ఏ జాతివాడో చూసి ఉరి తీయమనే దళవాయిది న్యాయమైన అధికారమా? మీ బావ ఆ ఆజ్ఞని దాటాడు. మీరేమో దళవాయి అనుకున్నదే నిజమయ్యేలా కథ నడిపి, దానికి బావని బాధ్యుడిని చేశారు. కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

వంశధార_ఒడ్డు:
అమ్మాయి చెప్పింది నాకు తట్టనే లేదు. నా టేబుల్లో ఒక పద్ధతి ఉంది, వాడుకోండి. ఎవరైనా తమ అలైన్‌మెంట్‌కి ఎదురెళ్తున్నారనిపిస్తే పని అయ్యాక కాదు, అవ్వకముందే ఆపి అడుగుతాను, నీ క్యారెక్టర్ ఇది తెలిసే చేస్తోందా అని. షీట్ మీద ఉన్న ఆ రెండు పదాలని నా చేత్తో ఎప్పుడూ మార్చను. అది ఆటగాడిది.

నాగావళి_గట్టు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పాచిక వేయలేదు, నిజమే. దాడి కావాలి, కారణం దొరికింది, వాడేశాను. నిన్న సాయంత్రం బావ ఇంటికి వెళ్లి, నేను చేసింది తప్పు, షీట్ మీద లాఫుల్ గుడ్ మళ్లీ రాస్తాను, స్మైట్ కూడా ఇచ్చేస్తాను అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆరోజు ఆ కుర్రాడి పేరేంటని నిన్ను అడిగాను, గాబ్లిన్లకి పేర్లుండవన్నావు, అన్నాడు. నాకు గుర్తే లేదు.

కంచె సందు ఎవరు చెప్పారన్నది ఆటలో ఇంకా ఏ పాత్రకీ తెలియదు కాబట్టి దాన్ని తెరిచి ఉంచుతున్నాను, వాళ్లే వెతికి తెలుసుకుంటారు. చనిపోయినవాళ్లని మాత్రం వెనక్కి తీసుకురావద్దని బావే అన్నాడు. స్మైట్ తొందరేం లేదట. ముందు ఆ అంబలి పోసిన ముసలమ్మ ఇంటికి వెళ్లి, కుర్రాడిని వదిలింది నేనేనని ఆమె కొడుక్కి చెప్పాలి, ఆ సీను ఆడించు అన్నాడు. కొడుకు పాత్ర నేనే ఆడాలి. అతను ఏమంటాడో నిన్న రాత్రి నుంచి రాసి కొట్టేస్తున్నాను, ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది.