కాకి గూటిని కోయిల కాచుచుండె: ఈ వారం సమస్యకు వచ్చిన పూరణలు

మా పెరటి మామిడి మీద ఈ ఏడాది మొదటి కూత వినబడిన రోజునే ఈ పాదం తట్టింది. చివరి పాదం సమస్యగా నేనిస్తాను, పై మూడు పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే లఘువులు, గురువులు, అంటే పొట్టి, పొడుగు అక్షరాలు కలిసిన చిన్న గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాస నియమం (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) లేదు కాబట్టి కొత్తవాళ్లు కూడా ధైర్యంగా రాయొచ్చని చెప్పాను. కోయిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెట్టి తప్పుకుంటుంది. అలాంటిది ఆ గూటికే కాపలా ఎందుకు కాస్తుంది? చిక్కంతా అక్కడే. స్నేహం, వసంతం, దేశ రాజకీయం, ఏ దారిన వెళ్లినా సరే అన్నాను.

మొదటి పూరణ టెక్కలి వైపు నుంచి వచ్చింది. రాసినవారు రిటైరైన సైన్సు మాస్టారు. దగ్గర్లోని తేలినీలాపురంలో గూడబాతుల్ని ఏటా చూసే మనిషి.

మగది పిలువగ కాకులు మరలి తరుమ
పూల కొమ్మల నొదిగిన పొడల పిట్ట
గుడ్డు పెట్టెడు సమయము కొఱకు వేచి
కాకి గూటిని కోయిల కాచుచుండె

"కాచు" అంటే కాపలా ఉండటమే కాదు, కనిపెట్టుకుని ఉండటం కూడా. ఆ ఒక్క అర్థంతో మాస్టారు చిక్కు విడదీశారు. చెప్పిన విషయమూ నిజమే. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉన్నది మగ కోయిల. కుహూ అని కూసేదీ అదే. ఆడది గోధుమ రంగులో, ఒంటి నిండా తెల్లటి పొడలతో ఉంటుంది. కోయిలమ్మ పాట అని మనం తరతరాలుగా రాసుకున్నది నిజానికి కోయిలయ్య పాట. "పొడల పిట్ట" అన్న మాటకు నేను చాలాసేపు మురిసిపోయాను.

అయితే విజయనగరం నుంచి ఒక పెద్దాయన అడ్డం వచ్చారు. "మాస్టారూ, 'పొడల పిట్ట' కర్తగా వచ్చేసింది. మళ్లీ నాలుగో పాదంలో కోయిల ఎందుకు? ఒక వాక్యానికి ఇద్దరు కర్తలయ్యారు. 'పూల కొమ్మల నొదుగుచు పొడలతోడ' అని చూడండి, యతి చెడదు" అన్నారు. మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. నాకు మాత్రం పిట్ట పోయినందుకు కాస్త బాధగానే ఉంది. కానీ అన్వయం ముందు, ముచ్చట తర్వాత.

రెండోది రాజమండ్రి నుంచి, ఒక లాయరు గారిది.

నిన్న తిట్టిన పార్టీని నేడు పొగడె
కండువాలను మార్చిన ఘనుడు చూడు
పదవి గుడ్డును పొదిగించు పనికి చేరి
కాకి గూటిని కోయిల కాచుచుండె

పార్టీ, కండువా పద్యంలో ఇమడవని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. రోజూ పేపర్లో చదివే మాట పద్యంలోకి రాకపోతే పద్యమే మనకు దూరమవుతుంది. ఏ పార్టీ పేరూ రానివ్వకపోవడం కూడా నాకు నచ్చింది. ఇక్కడ అన్ని పార్టీల వాళ్లం కలిసి కూర్చున్నాం.

లాయరు గారు పద్యంతో ఆగలేదు, వెనక కథ కూడా చెప్పారు. 1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్ రోజుల తేడాలోనే పదే పదే పార్టీ మారాక "ఆయారాం గయారాం" అన్న మాట దేశమంతా పాకింది. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయిస్తే అనర్హత వేటు వేసే చట్టం వచ్చింది. మూడింట ఒక వంతు చీలితే అనర్హత తప్పుతుందన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండు వంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే మాత్రం సభ్యత్వం పోదు. ఫిర్యాదు మీద తేల్చాల్సింది సభాపతి, అందుకు గడువేదీ షెడ్యూల్లో రాసి లేదు. ఒక గుర్తు మీద ఓటేసిన మనిషికి అయిదేళ్లలో ఎన్ని గూళ్లు చూపిస్తారని ఆయన అడిగిన తీరులో కోపం కన్నా దిగులు ఎక్కువ ఉంది. నాదీ అదే దిగులు.

పద్యం మాటకొస్తే, రెండో పాదం చివర "చూడు" గణం కోసం వచ్చిన మాట. హైదరాబాద్ నుంచి ఒక సోదరి ఇలా సవరించారు:

నిన్న తిట్టిన పార్టీని నేడు పొగడి
కండువాలను మార్చిన ఘనత తోడ

ఇప్పుడు మొత్తం ఒకే వాక్యమైంది. కోయిలే నాయకుడు. ఎంత చక్కగా కుదిరిందో!

ఖమ్మం నుంచి ఇంటర్ చదివే తమ్ముడు మొదటిసారి రాశాడు. మొదటి పాదం "ఉగాది నాటిక వేసిరి బాలలెల్ల" అని పంపాడు. తమ్ముడూ, "ఉగా" లఘువు, గురువు. సూర్యగణం అలా మొదలవదు. న గణమో (మూడు లఘువులు) హ గణమో (గురువు, లఘువు) కావాలి. "ఉ"కి "బా"తో యతి కూడా లేదు. ఉగాది తీసి "బడిని" పెడితే రెండూ ఒకేసారి సర్దుకుంటాయి.

బడిని నాటిక వేసిరి బాలలెల్ల
కూతురొక్కతె నల్లని కోకగట్టె
మట్టి గుడ్లను జూచుచు మంచె మీద
కాకి గూటిని కోయిల కాచుచుండె

మిగతా మూడు పాదాలూ అతనివే, నేను ముట్టుకోలేదు. నాటకంలోకి దింపడం అందరూ తొక్కే దారే. అయినా "మట్టి గుడ్లు" అనడంలో పిల్లల చేతులు కనిపించాయి. వదలకుండా రాస్తూ ఉండు.

చివరిది గుంటూరు జిల్లా పల్లె నుంచి ఒక అక్కయ్య గారు పంపారు.

జెండ వేరైన నేమాయె, చెలిమి యొకటె!
మంచమెక్కిన మిత్రుని మడికి నీరు
రేయిబవలును పెట్టెడి రీతి జూడ
కాకి గూటిని కోయిల కాచుచుండె

పద్యం కింద ఆవిడ నాలుగు ముక్కలు రాశారు. వాళ్ల నాన్నగారిదీ, పక్క పొలం ఆయనదీ చిన్ననాటి స్నేహం. 2024 మే 13న పోలింగు రోజు ఇద్దరూ చెరొక పార్టీ తరఫున ఏజెంట్లుగా ఒకే బూతులో ఎదురెదురుగా కూర్చున్నారు. ఏదో మాట మీద మాట పెరిగి, ఆ తర్వాత నెలల తరబడి పలకరింపులు లేవు. నాన్నగారికి జబ్బు చేసి మంచాన పడ్డప్పుడు మడి ఎండిపోతుందని ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక తెల్లవారుజామున ఆవిడ వెళ్లి చూస్తే మడి నిండా నీళ్లు. గట్టు మీద టార్చిలైటు పట్టుకుని ఆయనే. "మీ నాన్నకి చెప్పకమ్మా" అన్నాడట.

విజయనగరం పెద్దాయన "జెండా" హ్రస్వం అవుతుందా అని అడిగారు. సీతా సీత అయినట్టే జెండా జెండ అయితే నాకు అభ్యంతరం లేదు. ఆయన కాసేపటికి "ఇంతకన్నా నాకు సవరించడానికి ఏమీ లేదు" అని రాశారు. ఆయన నోట ఆ మాట రావడం నేను ఇదే మొదటిసారి వినడం.

మిగతా ముగ్గురూ కోయిల స్వభావాన్నో, వేషాన్నో పట్టుకుని సమస్య నుంచి బయటపడ్డారు. అక్కయ్య గారు మాత్రం "కాచు" అన్న మాటను దాని అసలు అర్థంలోనే నిలబెట్టారు. అందుకే ఈ వారం నా ఓటు ఈ పూరణకే. అక్కయ్య గారూ, నాన్నగారికి ఇప్పుడు ఎలా ఉంది? రాయండి.

వచ్చే వారానికి ఆటవెలది, చివరి పాదం ఇస్తున్నాను. మార్చి 20 పిచ్చుకల దినోత్సవం కదా:

పిచ్చుకమ్మ గెలిచి పీఠమెక్కె