కరెంటు పోయినా కంప్యూటరు ఆగకూడదంటే ఇన్వర్టరు చాలా, యూపీఎస్ కూడా కావాలా?

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక సంస్థకు నాలుగేళ్లుగా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మేడమీది గదిలో నా డెస్క్‌టాప్ కంప్యూటరు, రెండు మానిటర్లు, మా ఆవిడ ల్యాప్‌టాప్, నెట్ మోడెం, ఒక పాత ఫ్యాను, ఒక ఎల్ఈడీ ట్యూబులైటు ఉన్నాయి. ఇంటి మొత్తానికి కలిపి పదేళ్లనాటి స్క్వేర్ వేవ్ (మెట్లలా ఎగుడుదిగుడు తరంగంగా కరెంటు ఇచ్చే) ఇన్వర్టరు, రెండేళ్ల క్రితం మార్చిన 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ (నీళ్లు పోసే రకం) బ్యాటరీ ఉన్నాయి.

ఎండాకాలం మధ్యాహ్నాలు రెండు మూడు గంటలు కరెంటు పోవడం ఒక ఇబ్బంది అయితే, రోజుకు ఐదారుసార్లు రెప్పపాటు పోయి రావడం అంతకంటే పెద్ద ఇబ్బందిగా ఉంది. మొన్న వీడియో కాల్‌లో లెక్కలు చూపిస్తుండగా కరెంటు పోయింది. ట్యూబులైటు ఒక్కసారి మినుకుమని వెలుగుతూనే ఉంది, ఫ్యాను గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది, కంప్యూటరు మాత్రం ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి లేచింది. మోడెం కూడా ఆరి వెలగడంతో నేను తిరిగి కాల్‌లోకి వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. ఒక దుకాణంలో రెండు బ్యాటరీల పెద్ద ఇన్వర్టరు తీసుకోమంటున్నారు, మరొక చోట లిథియం తప్ప వేరేది వద్దంటున్నారు. ఏది నమ్మదగినదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (గుంటూరు నుంచి)

నమస్కారమండి. కంప్యూటర్ల మరమ్మతు పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఫిర్యాదు వారానికి ఒకటైనా వింటాను. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. గంటల తరబడి కరెంటు లేకపోవడానికి కావలసింది బ్యాటరీ సామర్థ్యం. రెప్పపాటులో కంప్యూటరు ఆగిపోవడానికి కారణం మాత్రం ఇన్వర్టరు బ్యాటరీ మీదికి మారడానికి పట్టే సమయం. కంప్యూటరు లోపలి పవర్ సప్లై నిండు లోడు మీద దాదాపు 16 మిల్లీసెకన్లు తట్టుకునేలా తయారవుతుంది. ఇన్వర్టరు మామూలు మోడ్‌లో (దాన్నే ఎకో అంటారు) ఉంటే మారడానికి అంతకు రెట్టింపు పైన పట్టవచ్చు, యూపీఎస్ మోడ్‌లో (కంప్యూటరు ఆగకుండా త్వరగా మారే అమరిక) ఉంటే సుమారు 10 మిల్లీసెకన్లు చాలు. కాబట్టి రెండు బ్యాటరీలు కాదు, పది బ్యాటరీలు పెట్టినా ఈ రెండో సమస్య తీరదు.

కొనే ముందు మీ ఇన్వర్టరు వెనుక వైపు ఒకసారి చూడండి. చాలా వాటికి అక్కడ యూపీఎస్, ఎకో అని రెండు వైపులకు జరిగే చిన్న స్విచ్ ఉంటుంది. బిగించిన రోజున ఎకో వైపు పెట్టి వదిలేస్తే, ఆ తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇక లోడు లెక్క. పవర్ సప్లై మీద 450 వాట్లు అని రాసి ఉందని భయపడకండి, అది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. ఆఫీసు పనికి డెస్క్‌టాప్ 100, మానిటర్లు రెండూ కలిపి 50, ల్యాప్‌టాప్ 60, మోడెం 12, ట్యూబులైటు 20, పాత ఫ్యాను 75 వాట్లు అనుకుంటే మొత్తం 317. ఫ్యానును బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారు) రకానికి మారిస్తే అది 30 వాట్లకు దిగుతుంది, మొత్తం 272 అవుతుంది. 150 ఆంపియర్ అవర్ అన్న అంకె బ్యాటరీని 20 గంటల పాటు నెమ్మదిగా వాడినప్పటి లెక్క. ఇంత లోడు మీద అంత రాదు, ఇన్వర్టరు కూడా కొంత తింటుంది. కాగితం మీద 12 వోల్టులతో గుణిస్తే వచ్చే 1800 వాట్ అవర్లలో చేతికి అందేది 1000, 1100 మాత్రమే. ఆ గది వరకే అయితే మూడున్నర గంటలు నడుస్తుంది, కింది గదుల ఫ్యాన్లు కూడా దాని మీదే ఉంటే ఆ లెక్క తప్పుతుంది. అందువల్ల 900 నుంచి 1100 వీఏ (ఇన్వర్టరు మోయగల లోడు కొలత) సైన్ వేవ్ (లైను కరెంటులా నున్నని తరంగం ఇచ్చే) ఇన్వర్టరు, ఇప్పుడున్న ఒక్క బ్యాటరీ మీకు సరిపోతాయని నా అభిప్రాయం.

చాలామంది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఉంచుకొని దాని తరువాత చిన్న యూపీఎస్ (కంప్యూటరు కోసం సొంత బ్యాటరీ ఉన్న పెట్టె) తగిలిస్తారు. ఆ తరంగాన్ని కొన్ని యూపీఎస్‌లు కరెంటుగానే గుర్తించవు. తమ 7 ఆంపియర్ అవర్ చిన్న బ్యాటరీ మీద కీచుకీచుమంటూ పది పదిహేను నిమిషాలు నడిచి ఆగిపోతాయి.

జవాబు 2 (హనుమకొండ నుంచి)

పై లెక్కతో ఏకీభవిస్తాను. లిథియం గురించి కొంత చెబుతాను, ఎందుకంటే గత ఏడాది నేను దానికే మారాను. దాని అసలు లాభం ఎక్కువ గంటలు నడవడం కాదు, త్వరగా నిండడం. ట్యూబులర్ బ్యాటరీ పూర్తిగా నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం మూడు గంటలు పోయి, సాయంత్రం మళ్లీ రెండు గంటలు పోతే రెండోసారి సగంలోనే చేతులెత్తేస్తుంది. లిథియం అయితే సరైన ఛార్జరుతో మూడు నాలుగు గంటల్లో నిండుతుంది, నీళ్లు పోసే పని కూడా లేదు. అయితే దాన్ని మీ పాత ఇన్వర్టరుకు తగిలించవద్దు. లిథియం ఛార్జింగు ఉన్న ఇన్వర్టరే కావాలి. కరెంటు రోజుకు ఒక్కసారే పోయేచోట అంత ఖర్చు అనవసరం.

ట్యూబులర్‌తోనే ఉండేటట్లయితే మూడు నెలలకొకసారి డిస్టిల్డ్ వాటర్ పోయడం మరవకండి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లను చూశాను, ఆ పొదుపు మాత్రం వద్దు.

మోడెం సంగతి వేరు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ విడిగా దొరుకుతుంది, డబ్బా అరచేతిలో పడుతుంది. అంతకంటే ముందు మీ కేబుల్ ఆపరేటరును ఒక ప్రశ్న అడగండి: వీధి స్తంభం మీద ఉన్న ఆయన పెట్టెకు బ్యాటరీ ఉందా? మా వీధిలో లేదు. ఇంట్లో అన్నీ వెలుగుతూ ఉండగా నెట్ మాత్రం పోయిన రోజున ఆ విషయం నాకు తెలిసింది. ఇప్పుడు రెండో దారిగా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకుంటున్నాను.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

ఒక్క మాట చేర్చాలనిపించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరు మొదటి రాత్రికే ఆగిపోయింది, పక్క వీధిలోని జనరేటరు దగ్గర ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి వరుస కట్టాం. కోస్తాలో ఉన్నవారు ఏ బ్యాటరీ కొన్నా అది గంటల కోసమే అనుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున పని ఎక్కడి నుంచి చేస్తారో ముందే మీ సంస్థతో మాట్లాడుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇన్వర్టరు వెనుక దుమ్ము తుడిచి చూస్తే స్విచ్ నిజంగానే ఎకో వైపు ఉంది. యూపీఎస్ వైపు జరిపాక నాలుగు రోజుల్లో కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. అయితే కొత్త చిక్కు వచ్చింది. మధ్యాహ్నం కరెంటు ఉన్నా ఇన్వర్టరు బ్యాటరీ మీదే నడుస్తోంది. రెండు గంటల ప్రాంతంలో మీటరు పెట్టి చూస్తే 174 వోల్టులు చూపించింది.

జవాబు 1 (గుంటూరు నుంచి)

అది ఇన్వర్టరు లోపం కాదండి. యూపీఎస్ మోడ్‌లో సాధారణంగా 180 వోల్టులకు తగ్గితే అది కరెంటు పోయినట్లే లెక్కిస్తుంది. ఎకోలో అయితే ఇంకా తక్కువకు కూడా ఓర్చుకుంటుంది. ఇంటికి రావలసింది 230 వోల్టులు, 6 శాతం అటూ ఇటూ. అదే సమయంలో పక్కింట్లోనూ కొలవండి. అక్కడా అంతే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైనట్లు, 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీ ఒక్క ఇంట్లోనే తక్కువ ఉంటే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు జాయింటు వదులైనట్లు అనుమానించాలి, దాన్ని లైన్‌మన్ చేతే చూపించండి. ఆ సంగతి తేలేవరకు కొత్త ఇన్వర్టరు కొనకండి.