థాలమస్ ఉన్నది సమాచారం చేరవేయడానికేనా?

ప్రశ్న:
ఏ పుస్తకం తీసినా మెదడు మధ్యలో ఉండే థాలమస్ అంటే "రిలే స్టేషన్" అని ఒక్క లైనుతో వదిలేస్తున్నారు. కన్ను, చెవి, చర్మం నుంచి వచ్చేవన్నీ ముందు అక్కడికి చేరి, తర్వాత కార్టెక్స్‌కి, అంటే మెదడు పై పొరకి పోతాయి. ఇంతవరకు సరే. ఎటూ పోవాల్సింది కార్టెక్స్‌కే అయినప్పుడు మధ్యలో ఈ మజిలీ ఎందుకు? పైగా వాసన మాత్రం థాలమస్‌లో ఆగకుండా నేరుగా కార్టెక్స్‌కి చేరుతుందట, మరి చూపుకీ వినికిడికీ ఇది ఎందుకు అవసరమైంది? పరీక్ష కోసం కాదు, నిజంగా అర్థం కావాలని అడుగుతున్నా.

జవాబు:
ఆ "రిలే" అన్న మాటతోనే వస్తోంది చిక్కంతా. చూపు సంగతి తీసుకోండి. రెటీనా నుంచి వచ్చే కబురు థాలమస్‌లో లాటరల్ జెనిక్యులేట్ న్యూక్లియస్ అనే చోట ఆగుతుంది. అక్కడ దాన్ని పైకి, అంటే కార్టెక్స్‌కి పంపే న్యూరాన్ల (నాడీకణాల) మీదున్న సినాప్స్‌లలో (ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురందించే అతుకుల్లో) రెటీనావి సుమారు 5 నుంచి 10 శాతమే, మిగతావి కార్టెక్స్ నుంచి వెనక్కి వచ్చేవి, బ్రెయిన్ స్టెమ్ (మెదడు కింది కాండం) నుంచి వచ్చేవి, పక్కనే ఉండి సిగ్నల్‌ని అణిచే న్యూరాన్లవి. రెటీనావి తక్కువే అయినా బలమైనవి, ఏం కనిపించిందో చెప్పేది అవే. దాన్ని ఎంత గట్టిగా పైకి పంపాలి, అసలు పంపాలా వద్దా అన్నది మిగతావన్నీ కలిసి తేలుస్తాయి.

థాలమస్‌ని చుట్టి పల్చటి పొరలా రెటిక్యులర్ న్యూక్లియస్ ఉంటుంది. అది కార్టెక్స్‌కి ఏమీ పంపదు, గాబా అనే, న్యూరాన్లని శాంతపరిచే రసాయనం విడుదల చేసి థాలమస్‌నే అణుస్తుంది. మన ధ్యాస ఒకదాని మీదే నిలవడానికి ఇదే కారణం కావచ్చని 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ ప్రతిపాదించాడు (డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకడైన క్రిక్కే), తర్వాత జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఆ ఆలోచనకి కొంత బలం దొరికింది.

ఇంకోటి, థాలమస్‌లోనే ఉండే పల్వినార్ లాంటి భాగాలకి ముఖ్యమైన సమాచారం వచ్చేది కార్టెక్స్ నుంచే, మళ్లీ అది కార్టెక్స్‌లోనే వేరే చోటికి పోతుంది. అంటే పైకి చేరాక కూడా థాలమస్‌తో పని తీరదు. వాసన కూడా దీన్ని పూర్తిగా తప్పించుకోదు, మొదట నేరుగా వెళ్లినా తర్వాత ఒక దారి థాలమస్‌లోని మీడియోడోర్సల్ న్యూక్లియస్ మీదుగా ముందు భాగం కార్టెక్స్‌కి వెళుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, అణిచే పొర ఒకటుందని ఎక్కడా చదవలేదు. నిద్రలో బయటి శబ్దాలు తెలియకపోవడం కూడా దీని వల్లేనా?

జవాబు:
చాలావరకు అవును. మెలకువలో థాలమస్ న్యూరాన్లు వచ్చినదాన్ని వచ్చినట్టు, తెంపు లేకుండా పంపుతాయి. గాఢనిద్రలో వాటి వోల్టేజీ దిగి, టీ-టైప్ కాల్షియం చానెళ్ల (కాల్షియాన్ని కణంలోకి వదిలే ద్వారాల) వల్ల సిగ్నల్స్‌ని గుంపులు గుంపులుగా వదులుతుంటాయి, బయటి కబురు అలాంటప్పుడు సరిగా పైకి పోదు. ఈఈజీలో (మెదడు విద్యుత్తుని నమోదు చేసే పరీక్షలో) స్లీప్ స్పిండిల్స్ అని సెకనుకి 11 నుంచి 16 సార్లు ఊగే అలలు కనిపిస్తాయే, వాటిని పుట్టించేది ఆ రెటిక్యులర్ న్యూక్లియసే. ఇవి ఎక్కువగా వచ్చేవాళ్లు చప్పుడైనా అంత తొందరగా లేవరని ప్రయోగాల్లో చూశారు. పిల్లలు కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఆబ్సెన్స్ మూర్ఛలో సెకనుకి సుమారు 3 సార్లు కొట్టే అలలూ థాలమస్‌కీ కార్టెక్స్‌కీ మధ్య ఇదే సర్క్యూట్‌లో తిరుగుతాయి. ఆ మూర్ఛకి వాడే ఎథోసక్సిమైడ్ అనే మందు అణిచేది ఆ కాల్షియం చానెళ్లనే.

మరో జవాబు:
నాకు సైన్సు ఇంత లోతుగా తెలియదు కానీ మా నాన్నగారికి థాలమస్‌లోనే స్ట్రోక్ వచ్చింది. మొదట ఎడమవైపంతా మొద్దుబారింది. కొన్ని నెలలకి అదే వైపు మంట మొదలైంది, పల్చటి దుప్పటి అంచు తగిలినా చెయ్యి వెనక్కి లాక్కునేవారు. చేతికి ఏ దెబ్బా లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, దాంతో ఒక డాక్టర్ అంతా మనసులోదే అనేశారు. ఆ మాటకి నాన్న నొప్పి గురించి చెప్పడమే మానేశారు, అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తర్వాత న్యూరాలజిస్ట్ చూసి ఇది థాలమిక్ పెయిన్ అని, 1906లోనే డెజెరీన్, రూసీ అనే ఫ్రెంచ్ డాక్టర్లు దీన్ని వర్ణించారని చెప్పారు. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు, నరాల నొప్పికి ఇచ్చే మందులు వేరే ఉంటాయి, కొంత ఉపశమనం వాటితోనే వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా స్ట్రోక్ తర్వాత కారణం లేని మంట ఉంటే, పాత స్కాన్ రిపోర్ట్‌లో థాలమస్ అన్న మాట ఉందేమో చూసి, దాన్ని తీసుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.