చెవిలో హోరును తట్టుకోలేకపోవడం స్వభావదోషమా?

ప్రశ్న (తాడిపత్రి):
మా బావగారు ఇక్కడి బండల ఫ్యాక్టరీలో కోత మిషన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. ఇప్పుడు ఆయనకు రెండు చెవుల్లోనూ రాత్రింబవళ్లు హోరు వినిపిస్తోంది, నిద్ర లేదు. అదే షెడ్డులో ఇప్పటికీ పనిచేస్తున్న మరొకాయనకూ హోరు ఉంది గాని, ఆయన దాన్ని లెక్కచేయరు. అందుకే బంధువులు దీన్ని బావగారి పిరికి స్వభావానికే అంటగడుతున్నారు. ఇది సబబేనా?

జవాబు (కర్నూలు):
మాట కటువైనా అందులో నిజముందని నా అభిప్రాయం. త్వరగా ఆందోళనపడే స్వభావం గలవారిలో టినిటస్ (చెవిలో హోరు) బాధ ఎక్కువగా ఉంటుందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఆయన మనసు గట్టి చేసుకోవాలి.

జవాబు (అనంతపురం):
కర్నూలు మిత్రులు అధ్యయనాల గురించి చెప్పింది సరైనదే. దాని నుంచి తీసిన తీర్పుతోనే నాకు పేచీ. కొలిచి చూస్తే ఈ హోరు చాలామందిలో వారి వినికిడి హద్దుకు, అంటే వారు వినగలిగే అతి సన్నని శబ్దానికి, కొద్ది డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) పైన మాత్రమే తేలుతుంది, ఆ కొలతకూ మనిషి పడే బాధకూ పొంతన తక్కువ. మెదడు ఆ శబ్దాన్ని ప్రమాద సంకేతంగా పట్టుకున్నప్పుడే బాధ ముదురుతుందని టినిటస్ పరిశోధకుడు జాస్ట్రెబాఫ్ 1990లో ప్రతిపాదించారు. అయితే స్వభావాన్నీ బాధనూ ఒకేసారి ప్రశ్నావళులతో కొలిచినప్పుడు, వాటిలో ఏది ముందు వచ్చిందో తేలదు. కంటిమీద కునుకు లేని మనిషి చిరాకుపడితే, ఆ చిరాకే రోగానికి కారణమని ఎలా అంటాం? బావగారు హోరు రాకముందు ఎలా ఉండేవారో అక్కయ్యగారిని అడిగి చూడండి.

ఇక మనసు గట్టి చేసుకోమనే సలహా నాకు బాధ కలిగిస్తుంది. వినకూడదని పంతం పట్టిన కొద్దీ చెవి అటే పోతుంది. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగగానే హోరు ఒక్కసారిగా పెరిగినట్టు తోస్తుంది; నిజానికి దాన్ని కప్పి ఉంచిన చప్పుడు పోయిందంతే. అందుకే పడకగదిలో సన్నని చప్పుడు ఏదో ఒకటి ఉంచమని వైద్యులు చెబుతారు.

జవాబు (కర్నూలు):
పుట్టుకతో వచ్చిన స్వభావం మారనప్పుడు ఇవన్నీ ఎంతవరకు పనిచేస్తాయి?

జవాబు (అనంతపురం):
స్వభావాన్ని మార్చాల్సిన పని లేదండీ. హోరు వినిపించగానే "ఇక నా బతుకింతే" అని పుట్టే ఆలోచనను పట్టుకుని, దాన్ని పరీక్షించడం నేర్పే చికిత్స ఉంది. దాన్ని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. దాని గురి హోరు తీవ్రత కాదు; జీవితంపై హోరు దెబ్బను అది తగ్గించవచ్చని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్షలో చెప్పింది. దానికన్నా ముందు బావగారికి వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి తగ్గి ఉంటే, వినికిడి యంత్రం పెట్టుకున్నాక బయటి శబ్దాలు బాగా అంది, హోరు వెనక్కు తగ్గినట్టు అనిపించేవారు ఎందరో ఉన్నారు.

హోరును లెక్కచేయని ఆ రెండో ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి. బాధ లేనంత మాత్రాన ఆయన చెవి బాగున్నట్టు కాదు, పైగా ఆయన ఇంకా ఆ మిషన్ దగ్గరే నిలబడుతున్నారు. చెవులు మూసే రక్షణ ఆయనకు ఈరోజు నుంచే కావాలి.