‘వినినంతనె వేగపడక వివరింపదగున్’: విన్నదీ, చూసిందీ, అనుకున్నదీ

మన గ్రూపులో వార్తల మీద మాటామాటా పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు సుమతీ శతక పద్యం పెడుతుంటారు. బడిలో అందరం బట్టీ పట్టిందే.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కనికల్ల నిజము దెలిసిన
మనుజుడెపో నీతిపరుడు మహిలో సుమతీ!

దీన్ని ‘పుకార్లు నమ్మొద్దు’ అన్న అర్థంలో వాడేసి ఊరుకుంటాం. పద్యం అలా మొదలవదు. ఎవరు చెప్పినా వినాలి అన్నది మొదటి మాట. మనకు గిట్టని పార్టీవాడు చెప్పినా సరే. ఆ తర్వాతే ‘వివరింపదగున్’. ఇప్పుడు వివరించడమంటే ఎదుటివాళ్లకు విడమరిచి చెప్పడం. ఇక్కడ మాత్రం విచారించడం, మనకు మనం విప్పి చూసుకోవడం. సంస్కృతంలో వివరణ అంటే మూత తీయడం, తెరవడం. విన్న మాటను తెరిచి, లోపల ఏమేం ఉన్నాయో చూడమంటున్నాడు కవి.

తెరిస్తే ఏమేం దొరుకుతాయి? పద్యం రెండే చెప్పింది: కల్ల, నిజం. రాజకీయాల గురించి మనం మాట్లాడుకునే మాటల్లో సగం ఈ రెండిట్లోనూ ఇమడవని నా గట్టి నమ్మకం. మనకందరికీ గుర్తున్న ఒక రోజునే తీసుకోండి.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది. ఇది రికార్డు తీసి చూసుకోగలిగిన సంగతి. ఆ సమయంలో టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగింది. ఇదీ దేశమంతా చూసిన సంగతే. ‘ప్రసారం ఆపేశారు’ అన్నామనుకోండి, అక్కడ మాట మారిపోయింది. ఆగడానికి కర్త అక్కర్లేదు, ఆపడానికి కావాలి. ఎవరో కావాలని చేశారన్న ఆరోపణ ఒక్క క్రియలో వచ్చి కూర్చుంది. సాంకేతిక లోపమని అధికారులు అన్నారు, కాదని చాలామంది అన్నారు. ఆపేశారు అనేవాళ్లు దానికి వేరే ఆధారం చూపించాలి. ఆగిన సంగతి అందరూ చూశారు కాబట్టి ఆపిన సంగతీ రుజువైనట్టే అనుకోవడం కుదరదు.

‘అది చీకటి రోజు’ అని ఒకరు, ‘అది పండగ రోజు’ అని ఇంకొకరు అంటారు. ఈ రెండిట్లో ఏది కల్ల? ఏదీ కాదు. ఇద్దరూ తమ మనసులో ఉన్నది చెప్పారు. దీన్ని అబద్ధమని నిరూపించాలని కూర్చుంటే తెల్లారినా తేలదు. పదేళ్లు దాటినా మన రెండు రాష్ట్రాల వాళ్ల మధ్య ఆ చర్చ కొలిక్కి రాకపోవడానికి ఇదీ ఒక కారణం. తేదీల మీద ఎవరికీ తగాదా లేదు. అభిప్రాయాన్ని తేదీ చెప్పినంత ధీమాగా చెప్పడంతోనే తగాదా.

ఆగు–ఆపు, కూలు–కూల్చు, కాలు–కాల్చు, పెరుగు–పెంచు. ఈ జంటల్లో మొదటిదే ఎప్పుడూ నిజాయితీ గలదని అనుకోకండి. ఉత్తర్వు ఇచ్చి మరీ పెంచినప్పుడు ‘ఛార్జీలు పెరిగాయి’ అనడం పెంచినవాళ్లను దాచడమే. తెలిసిన కర్తను మింగేయకూడదు, తెలియని కర్తను పుట్టించకూడదు.

ఇక ‘ట’. వచ్చాడట, చేశాడట. ఒక్క అక్షరంతో ‘ఇది నేను చూసింది కాదు, విన్నది’ అని చెప్పేసే సౌకర్యం మనకుంది. దాన్ని మనం పోగొట్టుకుంటున్నాం. మొదటి మనిషి ‘ఆ ఊళ్లో నీళ్లు కలుషితమయ్యాయట’ అంటాడు. ఫార్వర్డ్ అయ్యే దారిలో ఎక్కడో ‘ట’ రాలిపోయి ‘అయ్యాయి’ మిగులుతుంది. చదివేవాడికి అది కళ్లారా చూసినవాడి మాటలా కనిపిస్తుంది.

*

ఒక సభ్యురాలు, గద్వాల వైపు నుంచి: మా దిక్కు ‘ట’ కాదండీ, ‘అంట’. వచ్చిండంట, చేసిండంట. మీరు చెప్పింది మాకు అనుభవమే. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగినయని వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. ఊర్లల్ల కొత్త మనిషి కనబడితే చాలు, అనుమానం. తెలంగాణలో అమాయకుల మీద దాడులు జరిగినయి, ప్రాణాలు కూడా పోయినయి. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో ఆ పుకార్లు నమ్మొద్దని చెప్పించిన్రు. ‘దిగినయంట’ అని ఉంటే ‘ఎవరన్నరు?’ అని అడగబుద్ధయితది. ‘దిగినయి’ అని రాసి ఉంటే కర్ర పట్టుకోబుద్ధయితది. మన భాషలో ఆ చిన్న ముక్కకు అంత బరువుంది.

*

వకీలుగా పనిచేస్తున్న సభ్యుడు: మాస్టారూ, పద్యంలోని ‘విను’, ‘కను’ తేడా మా సాక్ష్య చట్టంలో అచ్చంగా ఉంది. 1872 నాటి చట్టం 60వ సెక్షన్ ప్రకారం నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. కంటితో చూడగలిగిన విషయమైతే ‘నేను చూశాను’ అనేవాడే చెప్పాలి, చెవితో వినే విషయమైతే ‘నేను విన్నాను’ అనేవాడే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ సూత్రం అలాగే ఉంది. పాత చట్టం 3వ సెక్షన్‌లో ఇంకో మాటుంది, దాన్ని మన చర్చలో తప్పక చేర్చాలి: ఒక మనిషికి ఫలానా అభిప్రాయం ఉంది అన్నది కూడా ఒక వాస్తవమే. అంటే ‘ఆయన ఈ ప్రాజెక్టు దండగ అన్నారు’ అన్నది వాస్తవం. ‘ఈ ప్రాజెక్టు దండగ’ అన్నది వాస్తవం కాదు. ఆ ‘అన్నారు’ను కొట్టేస్తే మొదటిది రెండోదిగా మారిపోతుంది.

పరువు నష్టం విషయంలోనూ అంతే. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 499వ సెక్షన్‌లో మొదటి మినహాయింపు నిజం చెప్పినవాళ్లకు: చెప్పింది నిజమై ఉండాలి, అది ప్రజాహితం కోసమై ఉండాలి. రెండో మినహాయింపు అభిప్రాయం చెప్పినవాళ్లకు: ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ గురించి సద్భావంతో చెప్పిన అభిప్రాయమై ఉండాలి. అభిప్రాయాన్ని ‘నిజమా?’ అని అడగలేదు, ‘సద్భావంతో చెప్పావా?’ అని అడిగింది. రెండిటికీ పరీక్షలే వేరు.

*

మళ్లీ నేను: వకీలు గారూ, చాలా విలువైన మాట చెప్పారు. దాన్ని పత్రికల తెలుగుకు పట్టి చూస్తాను.

‘అన్నారు’ అని ఉంచినంత మాత్రాన సరిపోదు, దాని స్థానంలో ఏ క్రియ వస్తోందో చూడాలి. ‘కోట్లు తిన్నారని ఆరోపించారు’ అంటే రుజువు కాలేదని తెలుస్తుంది. ‘కోట్లు తిన్నారని వెల్లడించారు’ అంటే దాగి ఉన్న నిజం బయటికి వచ్చినట్టే. ‘బయటపెట్టారు’, ‘ఎండగట్టారు’ కూడా ఆ కోవలోవే. మాట్లాడినవాడు ఒకడే, మాట ఒకటే. రాసినవాడు మాత్రం క్రియతో తన తీర్పు ఇచ్చేశాడు. నా మట్టుకు ‘అన్నారు’, ‘చెప్పారు’ మించిన క్రియలు లేవు. రోజంతా అవే వాడితే చప్పగా ఉంటుందంటారు, ఉండనివ్వండి.

‘రాజీనామా చేసినట్టు తెలిసింది’ అన్న వాక్యాన్ని మాత్రం నేను వెనకేసుకొస్తాను. చాలామంది దాన్ని పిరికి వాక్యం అంటారు. ‘చేశారని తెలిసింది’ కంటే అందులో జాగ్రత్త ఎక్కువ. ‘నట్టు’ పెట్టడంతో సంగతి ఇంకా ఖరారు కాలేదని ఒప్పుకుంటున్నాడు రాసినవాడు. కాకపోతే ‘ఎవరి ద్వారా తెలిసింది?’ అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అని ముగించడం దానికి జవాబు కాదు.

చివరిగా రెండు మాటలు, వీటిని కలిపేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది: నిందితుడు, దోషి. నింద పడినవాడు నిందితుడు. కోర్టు నేరం రుజువైందని తేల్చాక దోషి. అరెస్టయిన సాయంత్రానికే టీవీ స్క్రీన్ మీద ‘దోషులు దొరికారు’ అని వేస్తున్నారు. ఏళ్ల తర్వాత అతను నిర్దోషిగా బయటికొస్తే, ఆ సాయంత్రం చూసినవాళ్లలో ఎందరికి ఆ సంగతి చేరుతుంది? ఇంకెక్కడైనా ఇలాంటి జంట పదాలు కలిసిపోతున్నట్టు మీరు గమనిస్తే, వాక్యంతో సహా ఇక్కడ రాయండి.